కుక్క మన కాళ్ళ మాట వింటుంది

"కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లు" అని మనవాళ్ళు సామెత చెబుతారు. నమ్మరానిదాన్ని నమ్ముకొని చేయరాని పనికి దిగినవాళ్ళను చూసి అనే మాట అది. మేము ఆలుమగలం ఆ పనే ఇంచుమించు పాతికేళ్ళు చేశాము. మేము ఈదింది గోదావరి కాదు, ఇంగ్లండు దేశపు పచ్చికబయళ్ళు, అంతే తేడా. మునిగిపోలేదు సరికదా, ఒడ్డు చేరేసరికి మనుష్యులను గురించి కొంత, మమ్మల్ని గురించి మరికొంత తెలుసుకొన్నాము. దాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయమని మన పత్రికవారు అడిగితే, సరేనని కూర్చున్నాము.

మాది హోసూరు ప్రక్క పల్లె. తాతల కాలంలోనే బెంగుళూరు చేరాము. వీధిలో కన్నడం, అంగట్లో అరవం, ఇంట్లో తెలుగు. ఈ పత్రిక చదివే ఇళ్ళలో చాలావాటి సంగతి ఇంతే గనుక వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగరీత్యా 1987లో ఇంగ్లండు వెళ్ళి, 2014లో తిరిగి వచ్చాము. వచ్చిన కొత్తలో చుట్టాలు "అక్కడ ఇన్నేళ్ళు ఏం చేశారు?" అని అడిగేవారు. ఉద్యోగం సంగతి చెబితే తల ఊపేవారు. "ఆదివారాలు కుక్కలను పరుగెత్తించాము, పరుగెత్తే కుక్కలకు తీర్పులు చెప్పాము, పరుగెత్తించే మనుష్యులకు పాఠాలు చెప్పాము" అంటే మాత్రం ముఖముఖాలు చూసుకొనేవారు. కుక్కకు పరుగు నేర్పడమేమిటి, చేపకు ఈత నేర్పినట్లు!

ఆ ఆటను ఎజిలిటీ అంటారు. చురుకుతనం అని మన మాటల్లో చెప్పుకోవచ్చు. ఇదేమంత పాత ఆట కాదు. లండనులో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శన జరిగేది. ఇప్పుడది బర్మింగ్‌హాములో జరుగుతున్నది. 1978 ప్రదర్శనలో రెండు పోటీల నడుమ విరామంలో జనానికి పొద్దుపోవడానికి ఏదైనా వేడుక కావలసివచ్చింది. ఏర్పాట్లు చూస్తున్న జాన్ వార్లీ అనే ఆయనకు గుర్రాలు కంచెలు దూకే పందెం మీద మక్కువ. అటువంటిదే కుక్కలతో చేస్తే ఎట్లా ఉంటుందని ఆయనకు తోచింది. పీటర్ మీన్‌వెల్ అనే కుక్కల శిక్షకుణ్ణి పిలిచి అడ్డంకులు తయారు చేయించాడు. నాలుగేసి కుక్కల జట్లు రెండు పరుగెత్తాయి. జనం లేచి నిలబడి చూశారట. రెండేళ్ళు తిరిగేసరికి, 1980లో, అక్కడి కెన్నెల్ క్లబ్బు దానికి నియమాలు వ్రాసి పోటీగా గుర్తించింది. అమెరికాకు 1986 ప్రాంతంలో ప్రాకింది. 1996 నుంచి ప్రపంచ స్థాయి పోటీలే జరుగుతున్నాయి. విరామంలో పొద్దుపుచ్చడానికి పుట్టినది ఇంతదయింది.

చూడనివారికి ఆట స్వరూపం కొంచెం చెప్పాలి. ఒక మైదానంలో పదిహేను ఇరవై అడ్డంకులు పెట్టి వాటికి వరుస సంఖ్యలు వేస్తారు. దూకవలసిన అడ్డకర్రలు కొన్ని. దూరి బయటికి రావలసిన గుడ్డ సొరంగాలు కొన్ని. వ్రేలాడే చక్రం ఒకటి, దాని మధ్యగా దూకాలి. మన పూరింటి కప్పులాగా రెండు పలకలను ఆనించి పెట్టినది ఏ-ఫ్రేము. దాదాపు ఐదున్నర అడుగుల ఎత్తు ఎక్కి అవతలికి దిగాలి. నాలుగడుగుల పైచిలుకు ఎత్తున, అడుగుకు మించని వెడల్పుతో ఒక వంతెన. పిల్లలు ఊగే తూగుబల్ల ఒకటి. దాని మీద నడిచి, అది ఒరిగి నేలను తాకిన తరువాతనే దిగాలి. ఇవన్నీ ఒక ఎత్తు, నిలువు కర్రల వరుస ఒక ఎత్తు. రెండేసి అడుగుల దూరంలో నాటిన పన్నెండు కర్రల సందుల్లోనుంచి కుక్క పామువలె మెలికలు తిరుగుతూ పోవాలి. మొదటి కర్ర దాని ఎడమ భుజం ప్రక్కన ఉండాలి. అటునుంచి దూరిందా, లెక్కలోకి రాదు.

వంతెనకు, ఏ-ఫ్రేముకు, తూగుబల్లకు రెండు కొసలా సుమారు మూడడుగుల మేర వేరే రంగు పూస్తారు. కుక్క దిగేటప్పుడు ఆ రంగు మీద కాలు మోపి తీరాలి. పైనుంచి ఎగిరి దూకి నడుము విరుచుకోకుండా ఈ ఏర్పాటు. అడ్డకర్ర పడితే 5 తప్పు మార్కులు. రంగు తప్పితే 5. అడ్డంకి దగ్గర ఆగి మొరాయిస్తే 5. మూడుసార్లు మొరాయించినా, వరుస తప్పి మరొకదాన్ని ఎక్కినా పోటీనుంచి తొలగినట్లే. పెట్టిన గడువు దాటితే ఆ సెకన్లూ తప్పులలో చేరతాయి. తప్పులు లేనివారిలో ఎవరు వేగంగా ముగిస్తే వారిదే గెలుపు.

కుక్క వెంట మనిషి పరుగెత్తుతూ దారి చూపాలి. కాని చేతిలో తిండి ఉండరాదు, ఆటవస్తువు ఉండరాదు. కుక్కనూ, అడ్డంకినీ ముట్టుకోరాదు. ముందుగా కుక్క లేకుండా మనిషి ఒక్కడే మైదానమంతా నడిచి దారి చూసుకోవచ్చు. కుక్కకు మాత్రం ఆ దారి అప్పటికప్పుడు కొత్తదే. ముప్ఫై నలభై సెకన్లలో అంతా ముగిసిపోతుంది. ఆ కాసేపు కుక్కకు ఉన్న ఆధారమల్లా పక్కన పరుగెత్తే మనిషి. ఆటలోని కీలకమంతా ఇక్కడే ఉన్నది.

మా మొదటి కుక్క మల్లి. అనాథ కుక్కలను ఉంచే ఒక శరణాలయంనుంచి 1990లో తెచ్చుకొన్నాము. నలుపు తెలుపు మచ్చల కోలీ సంకరం; అప్పటికి ఏడాది నిండింది. గొర్రెలను కాసే జాతి గనుక ఊరికే ఉండలేదు. మంద లేకపోతే పిల్లలను మందగా చేసి హాలులో ఒక మూలకు తోలేది. ఏదో ఒక పని చెప్పకపోతే ఇల్లు నిలవదని, ఊళ్ళో ఉన్న ఎజిలిటీ తరగతికి తీసుకొని వెళ్ళాము. మాలో పరుగెత్తేది ఆడమనిషి; కొలతలు, లెక్కలు, టీ ఫ్లాస్కు మగమనిషి వంతు. మొదటి వారం చేసుకొన్న ఈ పని పంపకం చివరిదాకా మారలేదు.

కుక్కకు మాటలు ఏ భాషలో చెప్పాలన్నది మాకు వచ్చిన మొదటి ప్రశ్న. తరగతిలో అందరూ ఇంగ్లీషులో కేకలు వేసేవారు. పది కుక్కలు ఉన్నచోట పది నోళ్ళు ఒకే మాట అరిస్తే ఎవరి కుక్క ఎవరి మాట వినాలి? మా మల్లికి తెలుగు పెట్టాము. అప్పుడు తెలిసింది, కుక్కకు మాటలు ఏరడం పిల్లవాడికి పేరు పెట్టడం కంటె కష్టమని. 'దూకు', 'దూరు' అన్నవి మనకు రెండు మాటలు. పరుగు మీద ఉన్న కుక్కకు రెండూ ఒక్కటే. మొదటి అక్షరంతోనే అది బయలుదేరుతుంది, చివరి అక్షరం కోసం ఆగదు. అందుకని ఏ రెండు మాటలూ ఒకే విధంగా మొదలు కాకుండా చూశాము. అడ్డకర్రకు 'దాటు', సొరంగానికి 'గుహ', ఏ-ఫ్రేముకు 'ఎక్కు', తూగుబల్లకు 'ఊగు', కర్రల వరుసకు 'సందు సందు'. ఇంగ్లండు పొలంలో 'సందు సందు సందు' అని కేక వినబడితే చుట్టుప్రక్కల వాళ్ళు టీ కప్పులు దించి చూసేవారు. రెండేళ్ళలో మరో ఇద్దరు దొరసానులు తమ కుక్కలకు అదే మాట పెట్టుకొన్నారు. పలకడానికి హాయిగా ఉన్నదట!

మరొక లాభం మేము అనుకోనిది. మా పిల్లలు అప్పుడు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులు చెప్పే వయసులో ఉన్నారు. బయట పెరిగే పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. అమ్మానాన్నలతో తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లలు మల్లితో మాత్రం తెలుగే మాట్లాడేవారు, ఎందుకంటే దానికి మరో భాష రాదు కదా! 'రా', 'ఆగు', 'చాలు', 'బంగారుతల్లీ' అన్నవి అట్లా ఇంట్లో నిలిచాయి. వాటి తోక పట్టుకొని మిగతా భాష కూడా కొంత వచ్చింది.

ఇక అసలు పాఠం. భాష ఏదైనా కుక్క వినేది నోటిమాట కాదు. నోరు 'గుహ' అంటుంది. కాని మన పాదం ప్రక్కనున్న అడ్డకర్రవైపు తిరిగి ఉంటుంది. భుజం మరొకవైపు వాలి ఉంటుంది. కుక్క ముందు పాదాన్ని నమ్ముతుంది, తరువాత భుజాన్ని, ఆ తరువాత చూపును, మిగిలితే నోటిని. మన పెద్దలు త్రికరణశుద్ధి అన్నారే — మనస్సు, వాక్కు, కర్మ మూడూ ఒకే దారిన ఉండడం — అది మహాత్ముల లక్షణమని చదువుకొన్నాము. ఇక్కడ అది లేకపోతే ముప్ఫై సెకన్ల పరుగు కూడా సాగదు. మనుష్యులు మన మాట విని, చేతలు చూసి, రెండూ పొసగకపోయినా మొహమాటానికి ఊరుకొంటారు. కుక్కకు మొహమాటం లేదు. మన శరీరం ఏది చెబితే అది చేసి చూపిస్తుంది. అద్దం కంటె నయం. అద్దంలో మనం నిలబడి ఉన్నప్పటి రూపమే కనబడుతుంది, కుక్కలో మనం తొందరపడినప్పటి రూపం కనబడుతుంది.

కాబట్టి ఈ ఆటలో ఒక నీతి ఉన్నది: కుక్క తప్పు అంటూ ఒకటి లేదు. అది ఎటు పోయినా, అటు పొమ్మని మనలో ఏదో ఒకటి చెప్పి ఉంటుంది. లేదా మనం నేర్పవలసినది నేర్పకుండా తీసుకొని వచ్చి ఉంటాము. భారతం ఎత్తుగడలోనే సరమ కథ ఉన్నదని మీకు తెలుసు. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు ఊరికే వచ్చింది. ఏదీ ముట్టలేదు, నాకలేదు. అయినా రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టారు. తల్లి సరమ రాజసభకు వెళ్ళి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. అంత పెద్ద యాగంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు లేకపోయాడు. కుక్కతోనే ఎత్తుకొన్న భారతం చివర ధర్మరాజు వెంట కుక్క నడవడంతోనే ముగింపుకు వస్తుంది. పోటీలో ఓడి వచ్చి కుక్కను కసిరేవారిని చూసినప్పుడల్లా మాకు సరమ ప్రశ్న గుర్తుకు వచ్చేది.

పోటీల జీవితం పైకి కనబడేటంత వేడుక కాదు. వేసవి వచ్చిందంటే శుక్రవారం సాయంత్రం కారులో డేరా, దుప్పట్లు, పులిహోర డబ్బా సర్దుకొని ఎక్కడో ఒక రైతు పొలానికి బయలుదేరడం. వానలో డేరా కట్టడం. ఉదయం ఆరింటికి బురదలో నిలబడి దారి నడిచి చూసుకోవడం. ముప్ఫై సెకన్ల పరుగుకోసం మూడు గంటలు కాచుకొని ఉండడం. గెలిస్తే దక్కేది పట్టుగుడ్డ పువ్వు ఒకటి. డబ్బు ఊసు లేదు. పోటీకి వచ్చినవారే తమ పరుగు కాగానే పడిన కర్రలు ఎత్తాలి, కాలం లెక్కపెట్టాలి, మార్కులు వ్రాయాలి. డాక్టరూ, బస్సు డ్రైవరూ, బడి పంతులమ్మా ఒకే వానలో ఒకే కర్ర మోసేవారు. పరాయి దేశంలో మమ్మల్ని రంగు అడగకుండా, ఊరు అడగకుండా 'మీ కుక్క పేరేమిటి?' అని మాత్రమే అడిగిన మనుష్యులు మొదట అక్కడే దొరికారు. చాలామందికి మా పేర్లు చివరిదాకా నోరు తిరగలేదు. 'మల్లి వాళ్ళు' అనేవారు. ఆ పేరు మాకు బాగానే ఉండేది.

మల్లి ఏడేళ్ళు పరుగెత్తింది. ఆ రోజుల్లో పెద్ద కుక్కలకు అడ్డకర్ర 30 అంగుళాల ఎత్తున ఉండేది. దానికది లెక్కలోనిది కాదు. తొమ్మిదో ఏట, గెలుస్తూ ఉన్న రోజుల్లోనే, మాలో కొలతలు చూసే మనిషి ఒక సంగతి కనిపెట్టాడు. దూకడానికి ముందు మల్లి ఒక చిన్న అడుగు ఎక్కువ వేస్తున్నది. కర్ర పడడం లేదు, కాలం తగ్గడం లేదు, చూసేవారికి తెలియదు. కాని ఆ అడుగు ముందు లేదు. కుక్క నొప్పి అని చెప్పదు. ఆట మీద ఇష్టం ఉన్న కుక్క అసలే చెప్పదు. పశువుల డాక్టరు పరీక్ష చేసి, వయసు ముదిరింది, కీళ్ళు మొదలవుతున్నాయి, ఇంకా ఒక ఏడాది లాగవచ్చునన్నారు. ఆ వేసవిలో దానికి పెద్ద పోటీ తుదిమెట్టు అందేటట్లు ఉన్నది. ఇంట్లో రెండు రాత్రులు మాట్లాడుకొన్నాము. తుదిమెట్టు కోరిక ఎవరిది? మల్లికి తుదిమెట్టు అంటే తెలియదు. దానికి తెలిసినది మా వెంట పరుగెత్తడం. కోరిక మాదీ, మోకాలు దానిదీ అయినప్పుడు, తీర్పు మోకాలి ప్రక్కనే ఉండాలి. మూడోరోజు పేరు వెనక్కు తీసుకొన్నాము.

అది సులువుగా జరిగిందని కాదు. రింగు ప్రక్కన వేరే కుక్కలు పరుగెత్తుతూ ఉంటే మల్లి మూలిగేది, తాడు లాగేది. వినలేక కొన్నాళ్ళు దాన్ని పోటీలకు తీసుకొని వెళ్ళడం మానివేశాము. పెరట్లో కర్ర నేలమీదనే పెట్టి, సొరంగం ఒకటి వేసి, రోజూ ఐదు నిమిషాలు ఆడించేవాళ్ళము. 'గుహ' అన్న మాటకు పన్నెండో ఏటకూడా తోక జెండాలా లేచేది. పదునాలుగేళ్ళు బ్రతికింది. చివరిదాకా మెట్లు తానే ఎక్కింది.

మల్లి విరమించిన తరువాత మేము తీర్పరులమయ్యాము. దానికి నియమాల పరీక్ష ఉంటుంది. దాన్ని దాటాలి. మైదానంలో పనిచేసి చూపించాలి. తీర్పరి అంటే తప్పులు లెక్కపెట్టేవాడని చాలామంది అనుకొంటారు. అది పనిలో సగం. అంత పెద్ద సగం కూడా కాదు. అసలు పని ముందురోజు రాత్రి కాగితం మీద జరుగుతుంది. ఏ అడ్డంకి ఎక్కడ పెట్టాలి, ఏ మలుపు ఎంత ఉండాలి అన్నది తీర్పరి గీయాలి. వేగంగా వచ్చే కుక్కకు చక్రం వంకరగా ఎదురైతే మెడకు దెబ్బ. సొరంగం నోరు ఏ-ఫ్రేము కాళ్ళ ప్రక్కన ఉంటే భుజానికి దెబ్బ. దూకి దిగేచోట నేల పల్లంగా ఉంటే కాలికి దెబ్బ. చీటీ మీద చక్కగా కనబడే మలుపు మైదానంలో కుక్క నడుమును అడుగుతుంది. గడువు నిర్ణయించడానికి కొలత చక్రం పట్టుకొని, మనిషి నడిచే దారిన కాక కుక్క పోయే దారిన కొలవాలి. పొద్దున్నే సొరంగాలు కదలకుండా బిగించారా, పలకలు తడిసి జారుతున్నాయా అని చేత్తో తడిమి చూడాలి. ఇవన్నీ అయినాకనే మొదటి కుక్కను పిలవాలి.

ఆపైన రోజుకు రెండువందలు, మూడువందల పరుగులు. మొదటి కుక్కకు నిలబడిన చోటనే చివరి కుక్కకూ నిలబడాలి. రంగు మీద గోరు తగిలిందా లేదా అన్నది కంటికి రెప్పపాటు. చూసినదానికే చేయి ఎత్తాలి. చూసి ఉంటామని అనుకొన్నదానికి ఎత్తరాదు. విప్పిన చేయి తప్పుకు, బిగించిన పిడికిలి మొరాయింపుకు గుర్తు. ఎవరి కుక్క అన్నది చేతికి తెలియరాదు.

ఇది చెప్పినంత తేలిక కాదు. మాకు ఎంతో ఆప్తులైన ఒక కుటుంబం ఉండేది. మా డేరా ప్రక్కన వారి డేరా. మా ఊరగాయ వారి రొట్టెల్లోకి. వారి కుక్క పై తరగతికి పోవడానికి ఇంకొక్క తప్పులేని పరుగు కావాలి. అది మా రింగులో జరిగింది. అద్భుతమైన పరుగు. వంతెన దిగేటప్పుడు రంగుకు నాలుగు వ్రేళ్ళ ఎడంలో నేలమీదికి ఎగిరింది. చేయి లేచింది. జనం 'అయ్యో' అన్నారు. వారు పరుగు ముగించి, కుక్కను ఎత్తుకొని, మావైపు చూడకుండా వెళ్ళిపోయారు. రెండేళ్ళు మాటలు లేవు. మూడో ఏట ఒక ఆదివారం మా వాకిట్లో నిలబడ్డారు, చేతుల్లో కొత్త కూన. "దీనికి మీరే పాఠాలు చెప్పాలి. మీ దగ్గరైతే అయినది అయినట్లు, కానిది కానట్లు తెలుస్తుంది" అన్నారు. ఆ రెండేళ్ళూ మేము దిగులుపడలేదని అబద్ధం చెప్పము. కాని ఆ చేయి లేవకపోతే ఆ వాకిట్లో నిలబడవలసిన అవసరం వారికి ఉండేది కాదు.

ఆట నియమాలు కూడా నెమ్మదిగా కుక్కవైపు జరిగాయి. ఇది చెప్పుకోతగిన సంగతి. అక్కడ 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు ఉన్న కర్ర 65కు, తరువాత 60కి తగ్గింది. ఏ-ఫ్రేము పొట్టిదయింది. నునుపు పలకల మీద రబ్బరు పొర వచ్చింది. చక్రం గట్టిగా తగిలితే ఊడివచ్చేటట్లు చేశారు. కొస జారిపడి ఉండే గుడ్డ సొరంగంలో కుక్కలు చిక్కుకొంటున్నాయని 2016లో అమెరికా కెన్నెల్ క్లబ్బు దాన్ని తీసివేసింది. ఎముకలు ముదరకముందే దూకించకుండా ఇంగ్లండులో పద్దెనిమిది నెలలు నిండని కుక్కను పోటీకి రానివ్వరు. ఇవేవీ కుక్కలు అర్జీ పెట్టుకొంటే జరిగినవి కావు. వాటి తరపున ఎవరో ఒకరు చూసి, పట్టుబట్టి, మాట్లాడితే జరిగాయి.

పాఠాలు చెప్పడం మూడో ఘట్టం. మా తరగతికి మొదటిరోజు వచ్చేవారికి ఒకటే షరతు: కుక్కను ఇంట్లో వదలిరావాలి. "కుక్కకు నేర్పుతారని వస్తే కుక్కను తేవద్దంటారేమిటి?" అని విస్తుపోయేవారు. ఇద్దరిద్దరిని జతచేసేవాళ్ళము. ఒకరు కుక్క, ఒకరు నడిపేవారు. నోరు విప్పరాదు. కుక్క అయినవారు ఎదుటివారి భుజమూ పాదమూ ఎటు చెబితే అటే పోవాలి. రెండు నిమిషాల్లో ఒకరు గోడవైపు, ఒకరు గేటువైపు. నవ్వులు పూర్తయిన తరువాత వారే అనేవారు, 'అయితే ఇంతకాలం మా కుక్క మొండిది కాదన్నమాట' అని. ఆ ఒక్క మాట వస్తే సగం పాఠం అయినట్లే.

మిగతా సగం ఓర్పు. రంగు మీద ఆగడం నేర్పాలంటే పలక కొసన వెనుక కాళ్ళు పలక మీద, ముందు కాళ్ళు నేలమీద ఉంచి నిలబడడం అలవాటు చేస్తాము. వంతెన కాదు, మొదట మెట్టు మీద. నిలబడిన చోటనే తినుబండారం ముక్క, అక్కడనే మెప్పు. నాలుగడుగులు నడిచి వచ్చాక ఇస్తే ఆ నడిచి రావడానికి ఇచ్చినట్లు అవుతుంది. పన్నెండు కర్రలు ఒక్కసారిగా చూపించము. రెండు కర్రల మధ్యగా పోతే చాలు. ఆ తరువాత నాలుగు. పది నిమిషాల పాఠం చాలు. ఇంకా కావాలని కుక్క అడుగుతూ ఉండగానే ఆపాలి. పిల్లల చదువుకు కూడా ఇది పనికివస్తుందేమో పెద్దలు ఆలోచించాలి.

తిరిగి వచ్చాక హోసూరు దారిలో ఒక తోటలో చిన్న తరగతి పెట్టాము. ఎండ ఎక్కక ముందే ముగించాలి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు, రొప్పడమే దారి. ఒక ఏడాది రాజపాళయం జాతి కుక్క ఒకటి వచ్చింది. రాజపాళయం పేరు చెబితే మనకొక చుట్టరికం ఉన్నది. విజయనగర కాలంలో దక్షిణానికి తరలిన తెలుగు రాజుల ఊరు అది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపి, తరువాత ఒరిస్సా గవర్నరుగా ఉన్న పి. ఎస్. కుమారస్వామి రాజాగారి ఊరు. ఆ ఊరి పేరు మోసే తెల్లని వేటకుక్క కూడా అంతే ప్రసిద్ధి. 2005 జనవరిలో తపాలా శాఖవారు నాలుగు స్వదేశీ జాతుల కుక్కలకు బిళ్ళలు వేస్తే అందులో మన ముధోలుతోబాటు ఇదీ ఉన్నది.

వచ్చిన కుక్కకు వెన్నెల అని పేరు. రెండేళ్ళది. పుట్టు చెవిటి. పూర్తిగా తెల్లని కుక్కల్లో ఇది అప్పుడప్పుడు జరుగుతుంది. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి. అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాలకే వినికిడి పోతుంది. ఆ ఇంటివారు దాన్ని పొగరుబోతు అనుకొని ఏడాది తిట్టారట. వినబడదని తెలిసిన తరువాత పనికిరానిదని ఎవరికైనా ఇచ్చివేద్దామనుకొన్నారు. ఆ ఇంటి అవ్వగారు ఒప్పుకోలేదు. "వినబడనిది నాకూ లేదూ? నన్ను కూడా ఇచ్చేస్తారా?" అన్నదట. ఆ మాటతో కుక్క నిలిచింది. ఇంటి పిల్ల, పన్నెండేళ్ళది, దాన్ని మా దగ్గరకు తీసుకొని వచ్చింది.

వెన్నెలకు మాటల బెడద లేదు. అరచేయి ముందుకు తోస్తే సొరంగం, చేయి పైకి లేస్తే ఏ-ఫ్రేము, వేళ్ళు ఆడిస్తే సందులు. బొటనవ్రేలు చూపితే 'భేష్'. పిల్లకు అరవడానికి అవకాశం లేదు గనుక భుజమూ పాదమూ సరిగ్గా ఉంచుకోక తప్పింది కాదు. చెవులున్న కుక్కల వెంట పెద్దవాళ్ళు ఏడాది పట్టి నేర్చుకొన్నది ఆ పిల్ల నాలుగు నెలల్లో పట్టుకొన్నది. ఒకరోజు అవ్వగారు కుర్చీ వేయించుకొని చూశారు. పరుగు ముగిశాక వెన్నెల పోయి ఆవిడ ఒళ్ళో తలపెట్టింది. ఆవిడ బొటనవ్రేలు చూపించారు. ఇద్దరికీ వినబడదు, ఇద్దరికీ అర్థమయింది.

ఇది చదివి ఎవరికైనా సరదా పుడితే పెద్ద సరంజామా ఏమీ అక్కరలేదు. రెండు ఇటుకలు, వాటి మీద ఒక చీపురు పుల్లలకట్ట. కుక్క మోకాలి ఎత్తు దాటవద్దు. పాత దుప్పటి రెండు కుర్చీల మీద కప్పితే సొరంగం. వీధికుక్క అయినా సరే, దానికి చురుకుతనం తక్కువ కాదు. పిల్లలను, ముసలివారిని కూడా పిలవండి. కుక్క తప్పుదారిన పోయినప్పుడు దాన్నేమీ అనకండి. నవ్వి, ఒక్కసారి మీ పాదం ఎటు తిరిగి ఉన్నదో క్రిందికి చూసుకోండి. జవాబు అక్కడ ఉంటుంది.